మిరప కోతలకొచ్చిన పిల్లలు ఎవరి లెక్కలో ఉండాలి?

పోషకాహారం మీద పనిచేసే సంస్థలన్నీ ప్రాంతమంతా కలిసి పనిచేయాలి అంటే కాదనేవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. ప్రభుత్వ శాఖలు, పెద్ద ఎన్జీవోలు, మాలాంటి చిన్న సంస్థలు, ఆస్పత్రి వాళ్ళు, డబ్బిచ్చే కంపెనీల వాళ్ళు, అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకున్నాక కూడా ఎందుకు జరగడం లేదు అని అడిగితే "సమన్వయ లోపం" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే అసలు కారణాలు చాలా స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి, చాలావరకు అవి డబ్బు పద్దుల్లోనూ రిజిస్టర్లలోనూ ఉన్నాయి, కావాలంటే వేలు పెట్టి చూపించొచ్చు.

నేను భద్రాచలం చుట్టుపక్కల పసిపిల్లల పోషణ మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో ఉన్నాను. ఈ ప్రాంతం తెలియని వాళ్ళకి ముందు మ్యాప్ చెప్పాలి. భద్రాచలం పట్టణం తెలంగాణ. పట్టణం అంచు దాటగానే ఎటపాక, అది ఆంధ్ర. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా మండలాలని ఆంధ్రలో కలిపినప్పుడు చింతూరు, కూనవరం, వీఆర్ పురం అన్నీ అటు వెళ్ళాయి, వాటి జిల్లా మొదట తూర్పు గోదావరి అయ్యింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యి జిల్లా కేంద్రం ఎక్కడో పాడేరుకి మారింది. చింతూరు దాటితే కుంట, అది ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా జిల్లా. సీలేరు వచ్చి శబరిలో కలిసే చోట మోటు, అది ఒడిశాలో మల్కాన్‌గిరి జిల్లా. ఇక చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి అడవిలోకి నడిస్తే మళ్ళీ ఛత్తీస్‌గఢే. ఈవల కోయ మాట్లాడతారు, ఆవల దోర్ల, ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమవుతుంది. అత్తగారి ఊరు అటు, పుట్టిల్లు ఇటు ఉన్న అమ్మాయిలు లెక్కలేనంత మంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూస్తే, అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఆంధ్రలో 31.2 శాతం, ఒడిశాలో 31.0, తెలంగాణలో 33.1, ఛత్తీస్‌గఢ్‌లో 34.6. నాలుగు రాష్ట్రాల మధ్య తేడా ఎంత తక్కువో చూడండి. ఇవి రాష్ట్రం మొత్తానికి సగటు లెక్కలు, పట్నాల పిల్లలూ ఇందులోనే ఉంటారు, కాబట్టి అడవి పల్లెల పరిస్థితి ఈ అంకెల్లో కనబడదు. నాలుగు వైపులా సమస్య ఒకటే అయినప్పుడు నాలుగు వైపులా విడివిడిగా ఎందుకు పనిచేస్తున్నాం అన్నదే నా బాధ.

ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలకి ఛత్తీస్‌గఢ్ నుంచీ ఒడిశా నుంచీ వేలాది కుటుంబాలు ఇటువైపు వస్తాయి. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లో ఏ మిరప చేను పక్కన చూసినా గుడారాలే. పిల్లల్ని ఇంట్లో వదిలి రావడానికి ఇంట్లో ఎవరూ ఉండరు, అందుకని చంటిబిడ్డలూ వస్తారు. పొద్దున్నే తల్లి చేలోకి దిగితే మళ్ళీ సాయంత్రం దాకా ఏడేళ్ళ అక్క చేతిలోనే బిడ్డ. తినడానికి అన్నం, పచ్చిమిర్చి, ఉంటే కొంచెం పప్పు. ఏడాదిలోపు బిడ్డ నాలుగు నెలలు ఇలా ఉంటే ఏమవుతుందో చెప్పడానికి డాక్టర్ అక్కర్లేదు.

చట్టం ఏమంటుందంటే, 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా ఏ బిడ్డకైనా దగ్గర్లో ఉన్న అంగన్‌వాడీలో ఉచితంగా ఆహారం ఇవ్వాలి. ఏ రాష్ట్రం బిడ్డ అన్న ప్రశ్నే అందులో లేదు. మరి గుడారాల్లో పిల్లలకి ఎందుకు అందదు? నాకు బాగా తెలిసిన ఒక అంగన్‌వాడీ టీచర్ చెప్పిన మాట ఇది: "అక్కా, రాసుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ సరుకు పోయిన నెల లెక్క మీద వస్తది, ఈ నెల ఇరవై మంది ఎక్కువొస్తే నేను యాడ నుంచి తేవాలి? ఏప్రిల్‌లో వాళ్ళు పోయాక నీ సెంటర్‌లో పిల్లలెందుకు తగ్గిర్రు అని మళ్ళా నన్నే అడుగుతరు." ఇందులో ఆమె తప్పు ఏముంది? పిల్లలు వచ్చి పోయే ఊరికి నెల ముందు ఇండెంట్, అంటే సరుకు ఇంత కావాలని ముందే రాసిచ్చే పద్ధతే పనికిరాదు.

అంగన్‌వాడీల్లో పేర్లు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస వెళ్ళిన వాళ్ళ పేరుని ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కి మార్చుకునే వీలుంది. కాగితం మీద చాలా మంచి ఏర్పాటు, నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను కూడా. కానీ అది పనిచేయాలంటే తల్లి పేరు అక్కడ ఎక్కి ఉండాలి, ఆధార్ ఉండాలి, ఫోన్ నంబర్ అదే ఉండాలి, ఇక్కడ టీచర్‌కి నెట్‌వర్క్ దొరకాలి. 2025 నుంచి ఇంటికిచ్చే రేషన్‌కి ముఖం గుర్తింపు కూడా తప్పనిసరి చేశారు. సుక్మా లోపలి పల్లెల నుంచి వచ్చే తల్లుల్లో ఇవన్నీ సరిగ్గా ఉన్నవాళ్ళు తక్కువ. ఇక 2005 తర్వాత అక్కడి గొడవలకి భయపడి వచ్చి ఇటు అడవుల్లో స్థిరపడిన గుత్తికోయ కుటుంబాల సంగతి వేరు, వాళ్ళు వచ్చి ఇరవై ఏళ్ళయినా కుల ధ్రువపత్రం కష్టం, కొన్ని గూడేలకి దారి కూడా ఉండదు, అక్కడ పుట్టిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని ఎత్తుకుని తిరుగుతున్నారు. వాళ్ళని వలసవాళ్ళు అనాలా, ఇక్కడి వాళ్ళు అనాలా అన్నది ఒక్కో శాఖ ఒక్కో రకంగా చూస్తుంది.

ఇంక బాగా బరువు తగ్గిపోయిన పిల్లలు, మేం శ్యామ్ (ఇంగ్లీషులో SAM, తీవ్ర పోషకాహార లోపం) పిల్లలు అంటాం, వాళ్ళ దగ్గరికొస్తే ఇబ్బంది ఇంకా పెద్దది. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువున్నా, ఎత్తుకి తగ్గ బరువు మరీ తక్కువున్నా, రెండు పాదాలూ వాచినా ఆ బిడ్డ శ్యామ్ కిందికే వస్తుంది, వాళ్ళలో వాపు గానీ, ఆకలి చచ్చిపోవడం గానీ, వేరే జబ్బు గానీ ఉన్న బిడ్డని పోషణ పునరావాస కేంద్రంలో, అదే ఎన్‌ఆర్‌సీలో చేర్చాలి. మామూలుగా రెండు వారాలు. ఆ తర్వాత పదిహేను రోజులకొకసారి నాలుగుసార్లు మళ్ళీ చూడాలి. ఈ నాలుగుసార్లే అసలు ప్రాణం, ఎందుకంటే ఆస్పత్రిలో పెరిగిన బరువు ఇంటికెళ్ళాక నిలబడిందా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. మరి భద్రాచలం ఆస్పత్రికి సుక్మా నుంచీ, మల్కాన్‌గిరి నుంచీ, చింతూరు నుంచీ జనం వస్తారు కదా, ఆ బిడ్డ కుంట దాటి లోపల పల్లెకి వెళ్ళిపోతే ఆ నాలుగుసార్లు ఎవరు చూస్తారు? ఇక్కడి ఆశా వర్కర్‌కి ఆ ఊరు తెలియదు. అక్కడి ఏఎన్ఎంకి ఈ బిడ్డ ఆస్పత్రిలో ఉన్నట్టే తెలియదు. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులోనో తెలుగులోనో ఉంటుంది, ఆమె హిందీ చదువుతుంది. నేను కొందరు తల్లుల్ని కలిసినప్పుడు ఆ కాగితం జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్నారు, ఎవరికి చూపించాలో మాత్రం వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

పరిష్కారం ఏమంత పెద్దది కాదు. అవతలి వైపు ఒక ఫోన్ నంబర్ ఉంటే చాలు, ఆ నంబర్ ఎత్తి "సరే, వచ్చే గురువారం వెళ్ళి చూస్తాను" అనే ఒక మనిషి ఉంటే చాలు. మరి ఆ మనిషిని ఎందుకు పెట్టలేకపోతున్నాం అంటే, ఇక్కడే డబ్బు సంగతి వస్తుంది.

నా అభిప్రాయంలో సంస్థలు కలవలేకపోవడానికి అతి పెద్ద కారణం డబ్బుకున్న షరతులు, దీని గురించి బయట మాట్లాడేవాళ్ళు చాలా తక్కువ. కంపెనీల చట్టంలో సీఎస్ఆర్ (కంపెనీలు లాభాల్లో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టడం) సెక్షన్ 135 చూడండి, కంపెనీ తను పనిచేసే స్థానిక ప్రాంతానికీ దాని చుట్టుపక్కలకీ ప్రాధాన్యం ఇవ్వాలని అందులోనే ఉంది. న్యాయమైన మాటే, గని దుమ్ము తినేవాళ్ళకే కదా ముందు ఇవ్వాల్సింది. కానీ దాన్ని అమలు చేసేటప్పుడు మండలం పేరు రాసి గీత గీస్తారు. ఖనిజాల మీద వచ్చే డీఎంఎఫ్ (జిల్లా ఖనిజ నిధి) కూడా అంతే, చాలావరకు ఆ జిల్లా కోసమే. బైలదిల్లా ఇనుము వల్ల దంతెవాడకి వచ్చే నిధి వేరు, కొత్తగూడెం బొగ్గు వల్ల మాకు వచ్చేది వేరు, ఈ రెంటి మధ్య తిరిగే బిడ్డ కోసం ఏ నిధీ లేదు.

విదేశీ విరాళాల సంగతైతే 2020 సెప్టెంబరులో ఎఫ్‌సీఆర్ఏ చట్టాన్ని మార్చాక పూర్తిగా తలకిందులైంది. అంతకుముందు ఒక పెద్ద సంస్థ డబ్బు తెచ్చి, అందులో కొంత సరిహద్దు అవతల ఉన్న చిన్న సంస్థకి ఇచ్చి, ఇద్దరూ ఒకే కార్యక్రమం నడిపేవాళ్ళు. ఇప్పుడు ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు, ఆ సంస్థకి రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. పైగా పరిపాలన ఖర్చు 50 శాతం నుంచి 20కి తగ్గించారు. మీటింగులకి వెళ్ళిరావడం, రెండు భాషల్లో కాగితాలు తయారు చేయడం, లిస్టులు సరిచూసుకోవడం, ఇలాంటి ఖర్చుని లెక్కలు చూసేవాళ్ళు ఎక్కువగా పరిపాలన కింద వేస్తారు, దాంతో కలిసి పనిచేయడానికి పెట్టే ఖర్చే ముందు కోతకి గురవుతుంది. నిధుల దుర్వినియోగం ఆపాలి అన్నదాంతో నాకు పేచీ లేదు. కానీ ఈ మార్పు వల్ల ఊళ్ళో ఉండి భాష తెలిసి పనిచేసే చిన్న సంస్థలు ఎంత నష్టపోయాయో, వాటితో పాటు ప్రాంతీయ కూటములు ఎలా కుంటుపడ్డాయో మేం కళ్ళారా చూశాం.

డబ్బిచ్చేవాళ్ళ ఇంకో పట్టుదల "మీ లబ్ధిదారులు ఎంతమంది" అన్నది. ఒక బిడ్డని మేం గుర్తించి, ఇంకో సంస్థ బండిలో ఆస్పత్రికి పంపి, మూడో సంస్థ మనిషి ఇంటికెళ్ళి చూస్తే ఆ బిడ్డ ముగ్గురి రిపోర్టులోనూ ఉండొచ్చా? ఉంటే డూప్లికేట్ అంటారు. ఉండకూడదంటే ఎవరి పేరు మీద వేయాలని గొడవ. ఒకసారి ఉమ్మడి సర్వే చేద్దామని కూర్చున్నాం, ఊళ్ళు పంచుకున్నాం, ఫారం కూడా తయారైంది, చివరికి ఒక సంస్థ వాళ్ళు తమ లిస్టు ఇవ్వడానికి ఒప్పుకోలేదు, పై ఆఫీసు అనుమతి లేదన్నారు. వాళ్ళ మీద నాకు కక్ష లేదు, ఆ లిస్టే వాళ్ళకి వచ్చే ఏడాది నిధి తెచ్చేది, అది పంచుకుంటే తమ ప్రాజెక్టు ఏమవుతుందో అని వాళ్ళ భయం. ఆ భయం పోగొట్టకుండా ఎన్ని ఒప్పందాలు రాసుకున్నా లాభం లేదు.

లిస్టులు పంచుకున్నా అవి కలవవు, అది ఇంకో తలనొప్పి. అంగన్‌వాడీలో ఎత్తూ బరువూ కొలుస్తారు. మాలాంటి వాళ్ళం ఊరూరా తిరుగుతాం కాబట్టి జబ్బకి టేపు పెట్టి చూస్తాం. ఈ రెండు పద్ధతులూ ఒకే పిల్లల్ని చూపించవు, టేపులో ఎర్ర రంగు వచ్చిన బిడ్డ ఎత్తు-బరువు లెక్కలో మామూలుగా ఉండొచ్చు, దానికి ఉల్టా కూడా జరుగుతుంది. ఈ సంగతి పోషకాహార శాస్త్రం తెలిసిన వాళ్ళందరికీ తెలుసు, రెండూ తప్పు కాదు, రెండు రకాల ప్రమాదాన్ని పట్టుకుంటాయి. కానీ మండలం మీటింగ్‌లో మా లిస్టులో పద్దెనిమిది మంది, సూపర్‌వైజర్ లిస్టులో ఏడుగురు ఉంటే వెంటనే "మీరు ఎక్కువ చేసి చూపిస్తున్నారు" అన్న మాట వస్తుంది, మావాళ్ళు "మీరు దాస్తున్నారు" అంటారు, ఇక ఆ రోజుకి పని అయిపోయినట్టే. రెండు కొలతలూ ఒకే పేజీలో పక్కపక్కన రాస్తే ఈ గొడవలో సగం పోతుంది. ఇంత చిన్న మార్పుకి కూడా ఏ సంస్థ ఫారం వాడాలి, దాని మీద ఎవరి లోగో ఉండాలి అన్న దగ్గర నెలలు గడుస్తాయి.

తిండి విషయంలో తేడాలు సరే సరి. ఇటు ఏడు నెలలు దాటిన బిడ్డకి బాలామృతం, గోధుమ, శనగ, పాలపొడి, నూనె, చక్కెర కలిపింది, రెండున్నర కిలోల ప్యాకెట్. ఛత్తీస్‌గఢ్‌లో రెడీ టు ఈట్ అని ఇస్తారు, ఒడిశాలో మహిళా సంఘాలు చేసే ఛతువా. ఆంధ్రలో 2020లో 77 గిరిజన మండలాలకి ప్రత్యేకంగా ఎక్కువ ఆహారం ఇచ్చే పథకం పెట్టారు, చింతూరు తల్లికి దొరికేది దుమ్ముగూడెం తల్లికి దొరికే దానితో ఒకేలా ఉండదు. తల్లికి మనం చెప్పే సలహా మాత్రం అన్నిచోట్లా ఒకటే ఉండాలి కదా: ఎంత పొడి, ఎన్ని నీళ్ళు, రోజుకి ఎన్నిసార్లు, మిగిలింది పెద్దపిల్లలకి పెట్టేయకుండా ఎలా చూసుకోవాలి. ఒకళ్ళు గ్లాసుతో కొలత చెబితే ఇంకొకళ్ళు చెంచాతో చెబుతారు, ఆ తల్లి రెంటికీ తలూపి తనకి తోచినట్టు చేస్తుంది.

సిద్ధాంతాల గొడవలు కూడా నిజంగానే ఉన్నాయి, వాటిని చిన్నచూపు చూడను. శ్యామ్ పిల్లలకి ఫ్యాక్టరీలో చేసిన పల్లీ పేస్టు ప్యాకెట్లు ఇవ్వాలా, ఊళ్ళో దొరికే గుడ్డు, పప్పు, నూనె, రాగి జావతోనే బాగు చేయాలా అన్నది మన దేశంలో చాలాకాలంగా నడుస్తున్న వాదన. 2009లో యునిసెఫ్ తెప్పించిన పేస్టుని కేంద్ర ప్రభుత్వం అభ్యంతరం పెట్టి వెనక్కి పంపించింది. ఇనుము కలిపిన బియ్యం గురించి కూడా అలాంటి వాదనే, మా ప్రాంతంలో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్న కుటుంబాలు ఉన్నాయి కాబట్టి ఆ ఆందోళనని తీసిపారేయలేం. నేను స్థానిక తిండి వైపు మనిషిని, కానీ ప్రాణం మీదికొచ్చిన బిడ్డ ముందు కూర్చుని ఈ వాదన పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ గొడవ మీద మాటలు పోయి, ఏడాది పాటు ఒకరి మీటింగ్‌కి ఒకరు రాని సంస్థలు నాకు తెలుసు. దాన్ని పక్కన పెట్టి ఫాలో అప్ గురించి మాత్రం మాట్లాడుకుందాం అని చెప్పే పెద్దమనిషి ఎవరూ లేకపోయారు.

కలిసి పనిచేసినప్పుడు ఏమవుతుందో చూడలేదా అంటే చూశాం. గిరిపోషణ కార్యక్రమం ఒకటి, పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు తయారీ పద్ధతి ఇస్తే, తెలంగాణ గిరిజన సంక్షేమ శాఖ ఐటీడీఏల ద్వారా డబ్బూ చోటూ చూపిస్తే, ఆదివాసీ మహిళలే యూనిట్లు నడిపి జొన్న, చిరుధాన్యాల ఆహారం తయారు చేశారు. ఎవరి పని ఏమిటో ముందే తేలిపోయింది, ఎవరూ ఇంకొకరి పనిలో వేలు పెట్టక్కర్లేకపోయింది. అది ఒకే రాష్ట్రంలో కాబట్టి సులువైంది, నిజమే. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడైతే రాష్ట్రాల గీత కూడా అడ్డు రాలేదు, ఎటపాక, కూనవరం, చింతూరు, వీఆర్ పురం మునిగిపోతే ఇటు సంస్థలు అటు వెళ్ళాయి, పాలపొడీ బియ్యం గుడ్లూ ఎవరికి దొరికిన బండిలో వాళ్ళు తీసుకెళ్ళారు. ఎందుకు సాధ్యమైందో నేను చాలా ఆలోచించాను. వరద సాయం డబ్బుకి లబ్ధిదారుల లిస్టు ముందే కట్టి ఉండదు, మండలం గీత ఉండదు, ఎక్కడ అవసరమైతే అక్కడ ఖర్చు పెట్టొచ్చు. మనుషులు వాళ్ళే, సంస్థలు అవే, డబ్బుకున్న షరతు ఒక్కటే మారింది.

అందుకే ఈసారి మేం పెద్ద కూటమి, పెద్ద ప్రకటన లాంటివి అడగడం లేదు. మాకు నిధి ఇచ్చే వాళ్ళని ఒకటే అడుగుతున్నాం, ప్రాజెక్టు డబ్బులో ఒక చిన్న భాగం, సరిహద్దు దాటిన బిడ్డ వెంట వెళ్ళడానికి వదిలేయండి, ఆ బిడ్డ మా లెక్కలో పడకపోయినా పర్వాలేదు అని రాసివ్వండి. ఒకళ్ళు ఒప్పుకున్నారు. ఇంకొకళ్ళు ఆడిటర్‌ని అడిగి చెబుతామన్నారు. మార్చుకునే కార్డు ఒకటి తయారు చేశాం, ఒకే కాగితం, తెలుగులోనూ హిందీలోనూ, బిడ్డ బరువు, ఎత్తు, జబ్బ కొలత, డిశ్చార్జి తేదీ, నాలుగు ఫాలో అప్ గడులు, కింద రెండు వైపుల ఫోన్ నంబర్లు. లోగో ఎవరిదీ లేదు. కుంట వైపు ఇద్దరు కార్యకర్తలు వాడి చూస్తామన్నారు, ఎన్‌ఆర్‌సీలో నర్సమ్మ ఒకావిడ డిశ్చార్జి కాగితానికి పిన్ను కొట్టి ఇస్తానన్నారు.

అంగన్‌వాడీ సరుకు విషయం మాత్రం మా చేతిలో లేదు. కోతల నాలుగు నెలలూ మిరప ఎక్కువగా వేసే ఊళ్ళ సెంటర్లకి ఇండెంట్ కంటే అదనంగా సరుకు ముందే పంపమని, ఆ పిల్లలు వెళ్ళిపోయాక సంఖ్య తగ్గితే టీచర్‌ని ప్రశ్నించొద్దని అర్జీ పెట్టాం. ఏ ఊళ్ళో ఎన్ని గుడారాలు పడతాయో రైతులకి ముందే తెలుసు, కూలీలని తీసుకొచ్చే మేస్త్రీలకి ఇంకా బాగా తెలుసు, వాళ్ళని అడిగి ఊళ్ళ లిస్టు తయారు చేసి జత చేశాం. జవాబు కోసం చూస్తున్నాం.

ఒడియా కార్డు ఇంకా కాలేదు. భాష చూసిపెట్టేవాళ్ళు దొరికారు కానీ మోటు, కలిమెల వైపు కార్డు అందుకుని ఇంటికెళ్ళి చూసే మనిషి దొరకలేదు, మనిషి లేకుండా కార్డు అచ్చు వేయడం వృథా. అటువైపు పనిచేసే వాళ్ళెవరైనా, ఏ సంస్థ అయినా సరే, ఇది చదువుతుంటే నాకు రాయండి. ప్రయాణం ఖర్చు మేం చూసుకుంటాం, మీ రిపోర్టులో ఆ బిడ్డని మీ లెక్కలోనే వేసుకోండి.